మూడు గంటల బాకీ

మా అత్త లెయొంతిన్ లెక్కలో
ఆదివారమంటే ఒక ఇనుప కుండ.
పొద్దున్నే పొయ్యెక్కితే
మధ్యాహ్నం చర్చి గంట మోగేదాకా దిగదు.
ఎర్ర వైనులో గొడ్డుమాంసం
తనంతట తాను ఒప్పుకోవాలట మెత్తబడటానికి.
తొందరపెడితే నారనారగా మొండికేస్తుందట,
నాలాగా.

నేను ముప్పయ్యొక్క ఏళ్లు
కుక్కర్ల ఫ్యాక్టరీలో మూతలు పరీక్షించాను.
చీకటితోనే బస్సు. నీలం కోటు. చెవుల్లో దూది.
గాస్కెట్టు సరిగ్గా కూర్చుందో లేదో
బొటనవేలితో చెప్పేదాన్ని.
దూదిలోంచి కూడా వినపడేది
ఆవిరి ఎక్కడ అబద్ధమాడుతోందో.
అలాంటిదాన్ని, నా ఇంట్లో
కుక్కరు పెట్టుకోలేకపోయాను.
"ఆ బాంబు నా వంటింట్లోకి రాకూడదు."
అంతే. ఇక దాని మీద మాట లేదు.
రిటైరైన రోజు కంపెనీవాళ్లిచ్చిన కుక్కరు
ఏడేళ్లుగా షెడ్డులో,
సైకిలు పంపు పక్కన,
అట్టపెట్టె కూడా విప్పకుండా.

నిన్న ఆ ఇనుప కుండ ఆమె చేతిలోంచే జారింది.
ఎనభై తొమ్మిదేళ్ల మణికట్టు.
రాతి గచ్చు మీద రెండు ముక్కలు.
నేను ఎత్తాను. ఆమె కిటికీలోంచి
ద్రాక్ష తోటల వైపు చూసింది, శీతాకాలం కదా,
చూడ్డానికక్కడ మోడులు తప్ప ఏం లేవు.

ఇవాళ ఆమె లేవకముందే
పంది కొవ్వు ముక్కలు చిటపటమన్నాయి.
మాంసం ఐదేసి ముక్కల చొప్పున వేయించాను.
గిన్నె నిండా కుక్కితే నీళ్లొదిలి ఏడుస్తాయి,
ఎర్రబడవు.
ఉల్లిపాయలు, క్యారెట్లు, చారెడు పిండి,
బిర్యానీ ఆకు, థైమ్ రెమ్మ దారంతో కట్టి.
వైను సీసా మొత్తం పొయ్యకూడదు ఇందులో.
మూసిన గిన్నె ఏదీ బయటికి పోనివ్వదు,
మా కుటుంబంలాగే.
ముప్పావు సీసా. మూత పెట్టేముందు
పచ్చి ఘాటు పోయేదాకా మరగనిచ్చాను.

తర్వాత మూత తిప్పాను.
టక్కుమంది.
నా చేతులకి ఆ శబ్దం నాకంటే బాగా గుర్తుంది.

బుసబుసకి ఆమె లేచొచ్చింది,
శాలువా ఒక భుజం మీద, ఇంకోటి నేల మీద.
"ఎంతసేపు?"
"నలభై నిమిషాలు."
"అంటే మూడు గంటలు మిగిల్చావు."
"అవును."
"ఎవరి దగ్గర కొట్టేశావు?"
జవాబు చెప్పలేదు.
కుడి మణికట్టు పైకెత్తి చూపించాను,
మూతలు తిప్పీ తిప్పీ వంకరపోయిన ఎముక.
ఆమె తన మణికట్టు చూసుకుంది.
కుర్చీ లాక్కుని కూర్చుంది.
గోడ గడియారం ఒక్కటే మాట్లాడింది,
దానికీ పాపం ఆవిరి అడ్డొచ్చింది.

మూత తీసేసరికి
మాంసం చెంచా తగిలితే విడిపోయేంత మెత్తన.
పులుసు మాత్రం నీళ్లనీళ్లగా.
ఆమె ముఖంలో వెలుగు చూడాలి!
పండుగే అనుకోండి.
"చెప్పలేదూ," అంది. "చెప్పలేదూ."
లేచి, నన్ను మోచేత్తో పక్కకి నెట్టి,
మాంసం తీసి పళ్లెంలో పెట్టి,
మూతలేని కుక్కరు ముందు గరిటెతో నిలబడింది.
"ఇది నీ ఆవిరికి చేతకాదు. ఇది నాది."
ఇరవై నిమిషాలు కలిపింది.
మధ్యలో చెయ్యి వణికితే
గిన్నె చెవి నేను పట్టుకున్నాను.
చూడనట్టు ఊరుకుంది.
పుట్టగొడుగులు పక్క బాణలిలో వెన్నతో నేనే వేయించాను,
ఆమె ఉప్పు సరిచూసింది, రెండుసార్లు,
రెండుసార్లూ నేను వేసిందే సరిపోయింది,
అయినా చిటికెడు వేసింది.

గరిటె వెనక వేలితో గీస్తే
గీత చెరగకుండా నిలిచింది అప్పటికి.

మా ఆయన ఎవరిస్త్ కోళ్లగూడు దగ్గర్నుంచి వచ్చి
చేతులు కడిగీ కడక్కుండా కూర్చున్నాడు.
రొట్టె తుంచాడు, పులుసులో అద్దాడు,
కళ్లు మూసుకుని నమిలాడు.
మేమిద్దరం తినడం ఆపేశాం.
"బాగుంది," అన్నాడు.
"ఎప్పటిలాగే ఉంది."

ఇద్దరికీ ఒకేసారి ఒళ్లు మండింది.